వేగమనే దురలవాటు

రేసు డ్రైవర్‌కు వేగంగా నడపడం వస్తే చాలు అనే మూఢనమ్మకం జనంలో ఇంకా బలంగానే ఉంది. దీన్ని వదిలించడానికి మోటార్ రేసింగ్ పెద్దలు ఏళ్ల తరబడి శ్రమిస్తున్నారు. వారి కృషికి మొండిగా అడ్డుపడ్డవారిలో జపాన్‌కు చెందిన కముయి కొబయాషి గారిని మొదట చెప్పుకోవాలి. తండ్రిగారిది సుషీ హోటల్. హాయిగా గల్లాపెట్టె దగ్గర కూర్చోవాల్సిన మనిషి.

2009లో టొయోటా డ్రైవర్ టిమో గ్లాక్ గాయపడితే, ఫార్ములా వన్ సీజన్ చివరి రెండు రేసులకు ఈయన్ను ఎక్కించారు. బ్రెజిల్‌లో జెన్సన్ బటన్ ఆ రోజే ప్రపంచ ఛాంపియన్ అయ్యే ముహూర్తం ఉంటే, మర్యాదగా దారి వదలకుండా సతాయించారు. అబుదాబిలో ఆరో స్థానంలో వచ్చారు. ఆ ప్రతిభకు ముచ్చటపడి కాబోలు, టొయోటా అదే వారంలో ఫార్ములా వన్ దుకాణమే కట్టేసింది.

సౌబర్ జట్టు చేరదీశాక కూడా బుద్ధి మారలేదు. 2010లో జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద, హెయిర్‌పిన్ అనే గట్టి మలుపు దగ్గర ఒకరి తర్వాత ఒకరిని దాటేసి, 14వ స్థానంలో మొదలుపెట్టిన రేసును ఏడో స్థానంలో ముగించారు. 2012లో అదే సుజుకాలో ఏకంగా పోడియమే (మొదటి ముగ్గురు నిలబడే వేదిక) ఎక్కారు. చివరి లాప్‌లలో (చుట్లలో) బటన్ వెనకాలే అతుక్కుని వస్తున్నా లొంగలేదు. గీత దాటేటప్పటికి ఇద్దరి మధ్యా అర సెకను తేడా. స్టాండ్లన్నీ 'కముయి, కముయి' అని ఊగిపోయాయి. ఫార్ములా వన్‌లో పోడియం ఎక్కిన జపాన్ వాళ్లు ముగ్గురే: 1990లో అగురి సుజుకి, 2004లో టకుమా సటో, తర్వాత ఈయన. ముగ్గురికీ ముచ్చటగా మూడో స్థానమే. పద్ధతి తప్పలేదు.

సీజన్ అయ్యాక లెక్క చూస్తే సౌబర్ తెచ్చుకున్న 126 పాయింట్లలో 60 ఈయనవే. కాబట్టి ఉద్యోగం పోయింది. ఇందులో ఆశ్చర్యపడేవారికి ఈ సంబంధాల వ్యవహారం తెలియదన్నమాట. ఇంజిన్ అద్దె, విండ్ టన్నెల్ ఖర్చు, ఖండాలు దాటించే సరుకు రవాణా... ఇవన్నీ భరించలేని చిన్న జట్ల దగ్గర కట్నం, అంటే స్పాన్సర్ల సొమ్ము, తెచ్చుకోవాల్సింది అల్లుడే, అంటే డ్రైవరే. ఆ సీటులోకి మెక్సికో టెలికాం సొమ్ము అండతో ఎస్తెబాన్ గుతియెరెజ్ వచ్చారు. 2013లో ఆయన సంపాదన 6 పాయింట్లు, అవీ సుజుకాలోనే. స్థలమహిమ అలాంటిది.

అప్పుడు కొబయాషి గారు ఇంటర్నెట్‌లో చందాల పుస్తకం తెరిచారు. అభిమానులు తలో కొంత వేసి 10 కోట్ల యెన్లు దాటించారు. అయినా 2013కి సీటు దొరకలేదు. ఫెరారీ జీటీ కారులో ఓ ఏడాది గడిపి, 2014లో గ్రిడ్‌కు తోకలా ఉండే కేటర్‌హామ్‌లో చేరారు. మెల్‌బోర్న్‌లో తొలి రేసు, తొలి మలుపు. ఆ ఏడాది నుంచి వెనక చక్రాలకు బ్రేకు ఎంత పడాలో ఎలక్ట్రానిక్స్ నిర్ణయిస్తుంది. ఆ పనిలో పెద్ద వాటా బ్రేకు వేసినప్పుడు కరెంటు తయారుచేసుకునే ఎనర్జీ రికవరీ మోటారుదే కనుక వెనక డిస్కులను, క్యాలిపర్లను చిన్నవి చేసేశారు. ఆ వ్యవస్థ మొరాయిస్తే ఇక ముందు బ్రేకులే దిక్కు. సరిగ్గా అదే జరిగి, కారు జారుకుంటూ పోయి ఫెలిపె మస్సా నడుపుతున్న విలియమ్స్ కారును గుద్దేసింది. మస్సా మండిపడ్డారు. స్టీవార్డులు (రేసు న్యాయనిర్ణేతలు) డేటా చూసి, డ్రైవర్ తప్పు లేదని తేల్చారు.

బెల్జియం రేసుకు ఈయన్ను పక్కనబెట్టి ఆండ్రే లోటరర్‌ను కూర్చోబెట్టారు. ఆ కారు ఒక్క లాప్ అయ్యాక ఆగిపోయింది. శరదృతువు వచ్చేసరికి జట్టు దివాలా తీసి, అబుదాబి వెళ్లడానికి తానే జనం ముందు జోలె పట్టింది. చందాలు వసూలు చేసిన అనుభవం ఉన్న డ్రైవర్‌ను ముందే పెట్టుకోవడం యాజమాన్యం దూరదృష్టికి నిదర్శనం.

చివరికి ఆయన ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసుకు చేరారు, మళ్లీ టొయోటా గూటికే. 2017లో క్వాలిఫయింగ్‌లో, అంటే ఎవరు ఎక్కడి నుంచి బయల్దేరాలో తేల్చే పరుగులో, 13.6 కిలోమీటర్ల లాప్‌ను 3 నిమిషాల 14.791 సెకన్లలో ముగించారు. అంటే సగటున గంటకు దాదాపు 252 కిలోమీటర్లు. దురలవాటు ముదిరిందని తేలిపోయింది. అర్ధరాత్రి రేసులో ముందుండగా, అందరి వేగాన్నీ తగ్గించే సేఫ్టీ కారు వచ్చింది. పిట్ (కార్లకు మరమ్మతులు చేసే చోటు) నిష్క్రమణలో ఎర్రదీపం దగ్గర ఆగారు. పక్క జట్టు డ్రైవర్ ఒకాయన, చూడ్డానికి మార్షల్‌లా (ట్రాక్ సిబ్బందిలా) ఉన్న దుస్తుల్లో వచ్చి, అభిమానం పట్టలేక బొటనవేలు ఎత్తి చూపారు. ఈయనకది 'పదండి' అన్నట్టు కనిపించింది. కదిలారు. రేడియోలో ఆగమన్నారు, ఆగారు. మళ్లీ కదిలారు, మళ్లీ ఆగారు. ఆయన నడిపిన టొయోటా టీఎస్050 పిట్స్‌లో నిశ్చల స్థితి నుంచి కరెంటు మోటారు మీద కదిలేలా కట్టిన కారు, పెట్రోలు ఇంజిన్ తర్వాత కలుస్తుంది. కదలని కారును ఇంజిన్‌తో లాగే పని దాని క్లచ్‌కు రాసిపెట్టిలేదు. ఈ ఆగడం, కదలడంలో అది కాస్తా కాలిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

2019లో ఇంకో గంటలో గెలుస్తామనగా పంక్చర్ అయింది. సెన్సర్ చూపించిన టైరును మార్చారు. పంక్చర్ అయింది వేరే టైరుకు. గెలుపు సొంత జట్టులోని రెండో కారుకు పోయింది, డబ్బు ఇల్లు దాటలేదు. 2021లో ఇంధనం సరిగ్గా అందక మొరాయిస్తున్న కారును బతిమాలుకుంటూ మైక్ కాన్వే, హోసె మరియా లోపెజ్‌లతో కలిసి ఎట్టకేలకు గెలిచేశారు. ఇంత జరిగాక ఊరుకుంటే లాభం లేదని, టొయోటా అదే డిసెంబరులో ఆయన్ను టీమ్ ప్రిన్సిపల్‌ను, అంటే జట్టు అధిపతిని చేసింది. డ్రైవర్ ఉద్యోగం మాత్రం తీసేయలేదు.

దీంతో 2024లో ఒక పరిపాలనా చిక్కు వచ్చింది. లె మాన్స్ క్వాలిఫయింగ్‌లో డ్రైవర్ కొబయాషి దారి తప్పి ఎర్రజెండా తెప్పించారు, అంటే పరుగే ఆపించారు. ఎర్రజెండాకు కారణమైనవారి లాప్ టైములు కొట్టేయాలన్నది నిబంధన, కనుక ఆ కారు 23వ స్థానం నుంచి బయల్దేరింది. గెలిచిన ఫెరారీకి 14 సెకన్ల వెనక, రెండో స్థానంలో వచ్చింది. ఆ 14 సెకన్లకు సంజాయిషీ అడుగుతూ ప్రిన్సిపల్ కొబయాషి గారు డ్రైవర్ కొబయాషి గారికి షోకాజ్ నోటీసు ఇవ్వాలి. జవాబు తృప్తికరంగా లేకపోతే విచారణాధికారిని వేయాలి. అందుకు తగినవారు ఇంట్లోనే ఉన్నారు: టొయోటా రేసింగ్ యూరప్ విభాగం వైస్ చైర్మన్ కజుకి నకాజిమా. 2016లో అదే లె మాన్స్‌లో, గెలుపుకు మూడు నిమిషాల ముందు, మెయిన్ స్టాండ్ ఎదురుగా బండి ఆపేసింది ఆయనే.