రాసుకోమన్నారు కదా, రాస్తున్నాను

శ్రీ అరువు ఖాతా పుస్తకం గారి సముఖానికి,

పర్లాకిమిడి బజారు వీధిలో, గల్లా పెట్టె కుడి పక్కన, జీలకర్ర డబ్బా మీద ఎర్ర గుడ్డ అట్టతో కొలువుతీరిన తమరికి ఆ కొట్టు కోడలు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేము క్షేమం. తమరు మరీ క్షేమంగా ఉన్నారని చూస్తేనే తెలుస్తోంది. ఏనాటి ఉగాదికో పసుపు కుంకుమ పెట్టి తెరిచినప్పుడు సన్నగా ఉండేవారు. ఇప్పుడు మధ్యమధ్య దోపిన చీటీలతో ఒళ్ళు చేసి, రబ్బరు బ్యాండు చాలక పురికొస కట్టించుకుంటున్నారు.

ఈ మధ్యాహ్నం జరిగింది తమరూ చూశారు. అయినా చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు. తిన్నదీ సాయంత్రం అయిదింటికి, చల్లారిన అన్నం.

ఒంటిగంటన్నరకు షట్టరు సగం దించి లేవబోతుంటే బండి మీద ఒక కుర్రాడు వచ్చాడు. వెనక సందు మాస్టారి ఇంటికి తాళం వేసి ఉందట. పక్క కొట్టులో ఇవ్వమని ఫోనులో చెప్పారట. అట్టపెట్టె బల్ల మీద పెట్టి, నా చేత వేలితో అద్దం మీద సంతకం చేయించుకుని, చెంబెడు నీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు. పెట్టె ఒక మూల చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి బట్టల సబ్బు పొడి సంచి నన్ను చూసింది. అదే పొడి, అదే నాలుగు కిలోల సంచి, నా వెనక అరలో ఆరు ఉన్నాయి. నేనూ వాటిని చూశాను. మాస్టారు వచ్చేసరికి నాలుగు కావస్తోంది. అప్పటిదాకా ఆ పెట్టెకు నేను కాపలా.

ఆయన పెట్టె చంకలో పెట్టుకుని, “చల్లగా ఉండమ్మా” అని దీవించి, గుమ్మం దాటబోయి వెనక్కి తిరిగారు. అర కిలో చింతపండు, పావు కిలో ఎండుమిర్చి కావాలన్నారు. పొట్లాలు కట్టాను. అప్పుడు అన్నారు, తమరి మూలమంత్రం: “రాసుకో అమ్మా.”

ఆ పెట్టెకు ఆయన డబ్బు ఎప్పుడు కట్టారో తెలుసా? మూడు రోజుల ముందు. సరుకు కంటితో చూడకముందు. ముఖం తెలియనివాడికి, ఊరు తెలియనివాడికి ముందే నగదు. ముప్పై ఏళ్ళుగా ఎదురుగా కూర్చున్న మాకు పద్దు.

తమరి వంశాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అటక మీద తమరి తాతగారు ఉన్నారు, వీశెలలో, అణాలలో. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినప్పుడు ఆయన ఒక్క రాత్రిలో పదహారు నుంచి నూటికి మారిపోయారు. ఆరణాలు కొట్టేసి పక్కన 37 అని రాసి ఉంది. ఆ అర పైసా ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదు. ఇక తమరి అన్నగారి కాలంలో, 2016 నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. మర్నాడు తెల్లవారేసరికి కొట్టు ముందు వరస! పదేళ్ళుగా మా వీధి తప్పించి తిరిగినవాళ్ళు కూడా “బాకీ ఉంచుకోవడం మా ఇంటా వంటా లేదండీ” అంటూ పాత నోట్లు పట్టుకుని నిలబడ్డారు. మూడు తరాలలో ఇన్ని బాకీలు ఒకేసారి తీరిన వారం అదొక్కటే. ఆ నోట్లు మార్చుకోవడానికి మామగారు బ్యాంకు ముందు నాలుగు రోజులు ఎండలో నిలబడ్డారు.

ఆ మామగారే కళ్ళు మసకబారి, రెండేళ్ళ కిందట గల్లా తాళంతో పాటు తమరిని నా చేతిలో పెట్టారు. తాళం ఒక్క రోజులో పట్టుబడింది. తమరు ఇంకా పట్టుబడలేదు. రాసేది మాట్లాడుకునే భాషలో ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పట్టుబట్టిన ఊరు ఇది. 1936లో ఈ ఊరు ఒడిషాలో కలిసినప్పుడు ఆయన వెళ్ళిపోయారు. ఆయన ఉద్యమం ఎంత దూరం పోయిందో చూడాలంటే మామగారి పద్దులు చూడాలి. ఒక్కరి పేరూ లేదు. “పొడుగాయన.” “వేపచెట్టు.” “చిన్నరైలు గార్డు.” ఆ చిన్నరైలు 2004లోనే ఆగిపోయింది. తర్వాత పెద్ద పట్టాలు వేశారు, పెద్ద రైలు వచ్చింది. గార్డు గారి బాకీ మాత్రం ఇంకా చిన్న పట్టాల మీదే నడుస్తోంది. ఇంకొకటి “కొమ్మువారి రెండో ఇల్లు.” కొమ్ముతో బొమ్మలు చేసే కుటుంబాలు మా వైపు ఉన్నాయి, అంతవరకు అర్థమయింది. రెండో ఇల్లు అంటే వీధిలో రెండోదా, లేక మరొకటా అని మామగారిని అడిగే ధైర్యం ఏ కోడలికి ఉంటుంది?

అన్నిటికన్నా “పాత.” పద్దు పక్కన “పాత” అని ఉంటే పాత బాకీ అనుకుని ఆర్నెల్లు లెక్క కట్టాను. తీరా చూస్తే కొన్నిచోట్ల అది పాతపట్నం, సరిహద్దుకు అవతల ఆంధ్రాలో ఉన్న ఊరు. కొన్నిచోట్ల నిజంగా పాత. ఒకచోట మాత్రం “పాత పాత.” పాతపట్నంవారి పాత బాకీ అన్నమాట. అక్కడ తమరికి చేతులెత్తి దండం పెట్టాను.

అన్నట్టు పాతపట్నం. మేము జీఎస్టీలో చిన్న కొట్లకు ఉండే కాంపోజిషన్ పద్ధతిలో ఒక శాతం పన్ను కడుతున్నాం కాబట్టి రాష్ట్రం దాటించి సరుకు అమ్మకూడదు. అక్కడివాళ్ళు వచ్చి కొనుక్కుపోవచ్చు, నేను ఆటోలో పంపకూడదు. బాకీ వసూలుకు మాత్రం నేనే రాష్ట్రం దాటాలి.

ఈ బాధ పడలేక తమరిని ఫోనులోకి ఎక్కించాలని మూడు రాత్రులు కూర్చున్నాను. యాప్ మొదట పేరు అడిగింది, తర్వాత ఫోను నంబరు అడిగింది. వేపచెట్టుకు ఫోను నంబరు ఏమిటి? తెలిసిన పదిహేను మంది పద్దులు ఎక్కించానో లేదో, నన్ను అడగకుండానే అది అందరికీ బాకీ గుర్తుచేస్తూ సందేశాలు పంపింది. అందులో ఒకావిడ మేనకోడలి పెళ్ళి పందిట్లో ఉంది. పక్కనున్నవాళ్ళు చదివారట. ఆవిడ నెల రోజులు మా గడప తొక్కలేదు. పౌరుషానికి పెద్ద బజారులో నగదిచ్చి కొనుక్కుంది. పౌరుషం వస్తే నగదు అటు పోతుంది, అవసరం వస్తే పద్దు ఇటు వస్తుంది. యాప్ తీసేశాను. తమరు జీలకర్ర డబ్బా మీద నవ్వుకున్నారు.

ఇప్పుడు అసలు గోడు. మిగిలినవన్నీ నేను మరిచిపోగలను, ఇది మరిచిపోలేను.

మామగారి రోజుల్లో కంపెనీ సరుకు తెచ్చి వేసే స్టాకిస్టు మాకు ఇరవై ఒక్క రోజుల గడువు ఇచ్చేవాడు. మేము వీధికి నెల గడువు ఇచ్చేవాళ్ళం. మధ్యలో తొమ్మిది రోజులు మామగారు గుండె చిక్కబట్టుకుని నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు స్టాకిస్టు మనిషి చేతిలో ఫోనుతో వస్తాడు. డబ్బు పడితేనే బండి కదులుతుంది. పైన గడువు సున్నా. కింద గడువు నెల దాటింది, నెలన్నర అయింది, కొందరికి “పండగకు చూద్దాం” దాకా పాకింది. తొమ్మిది రోజుల దూరం నలభై అయిదు రోజులయింది. ఆ నలభై అయిదు రోజుల పెట్టుబడి ఎవరిది? వడ్డీ ఎవరు కడుతున్నారు? నా మెడలో ఉండాల్సిన గొలుసు ఎక్కడుందో తమరిలో ఏ పేజీలోనైనా రాసి ఉందా? నగదు లేని వ్యాపారం వస్తుందని అందరూ అంటే నమ్మలేదు. వచ్చింది. నగదు వాళ్ళకు వెళ్ళింది, “లేని” నాకు మిగిలింది.

ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా వీధి అంతా పెద్ద బజారు చుట్టాలు. ఇరవై దాటాక మా చుట్టాలు. “రాసుకోండి” అంటారు తెలుగువాళ్ళు, “లేఖి దిఅ” అంటారు ఒడియావాళ్ళు. రెండు భాషల్లోనూ ఒకటే పద్దు. ఫోనులో కట్టిన డబ్బు అందిందని చెప్పడానికి తమరి పక్కన కొత్తగా కూర్చోబెట్టిన మాట్లాడే పెట్టె సంగతి చెప్పనక్కర్లేదు. సగం రోజు సిగ్నలు లేక మూగనోము పడుతుంది, ఆ రోజులకూ అద్దె తీసుకుంటుంది, పది రూపాయల బిస్కెట్ల పొట్లానికి మాత్రం ఊరు వినేలా చాటింపు వేస్తుంది.

పిండిమర పెట్టుకుందామని ముద్ర రుణానికి వెళ్ళాను. తమరిని చంకలో పెట్టుకునే వెళ్ళాను, గుర్తుందా? రెండు లక్షల ఎనభై ఏడు వేలు రావాలి, ఇదిగో ఆధారం అని బల్ల మీద పెట్టాను. బ్యాంకాయన పురికొస కూడా విప్పలేదు. ఖాతాలో పడ్డ డబ్బు చూపించండి అన్నారు. పడని డబ్బు కదండీ నేను చూపిస్తున్నది! మా వీధి ప్లీడరు గారిని అడిగితే ఇంకా చల్లని కబురు చెప్పారు. పద్దు పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన ఒకరిని బాకీదారు అనలేమని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పిందట, కొత్త చట్టంలోనూ ఆ మాట అలాగే ఉందట. పైగా సరుకు ఇచ్చిన మూడేళ్ళలోపు దావా వేయాలి, లేదా గడువులోపు బాకీ ఉన్నానని వాళ్ళ చేత రాయించుకోవాలి. “వేపచెట్టు” చేత ఏమని రాయించుకోను? సలహాకు ఆయన ఫీజు తీసుకోలేదు. ఆయనది 47వ పేజీ, నేనూ అడగలేదు.

ఇక 2025 సెప్టెంబరు 22. ఒంటి సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె పన్ను పద్ధెనిమిది నుంచి అయిదు శాతానికి దిగింది. సంతోషం. పద్ధెనిమిది కట్టి తెచ్చిన సరుకు అరల నిండా ఉంది, కాంపోజిషన్ వాళ్ళకు ఆ పన్ను వెనక్కి రాదు. అదీ దిగమింగాను. కానీ ఆ వారమే ఒక పెద్దాయన తమరిని తెరిపించి, ఆగస్టులో వాడేసిన సబ్బులకు కూడా ధర తగ్గించి బాకీ మళ్ళీ లెక్క కట్టమన్నాడు. అరిగిపోయిన సబ్బుకు తగ్గింపు! తమరు కిమ్మనలేదు. ఎప్పుడైనా అన్నావా? ఒక్కసారైనా “ఈయనకు ఇక రాయను” అని అడ్డం తిరిగావా? ఎవరొచ్చినా నోరు తెరిచి పడుకుంటావు. నీ కడుపు నింపడానికి నా గల్లా ఖాళీ చేస్తావు. నిన్ను పొయ్యిలో పెడితే కనీసం ఒక పూట కాఫీ అయినా కాగుతుంది! నిరుడు వేసవిలో ఒక రాత్రి నిజంగా వంటింటి దాకా తీసుకెళ్ళాను. పురికొస విప్పాను.

విప్పేసరికి 2020 నాటి చీటీ కింద పడింది. దాన్ని మామగారు పాత పుస్తకంలోంచి తీసి నీలో దోపారు. లాక్‌డౌన్‌లో సరిహద్దు మూసిన రోజులవి. వలస నుంచి నడిచి వచ్చిన ఒక కుటుంబానికి బియ్యం, పప్పు, నూనె, సబ్బు, పిల్లల బిస్కెట్లు. అంకెల దగ్గర ఖాళీ. పేరు దగ్గర “వచ్చినవాళ్ళు” అని మాత్రం ఉంది. మామగారిని అడిగితే, “అది బాకీ కాదులే, లెక్క కోసం రాశాను” అన్నారు. లెక్క కోసమైతే అంకె ఉండాలి కదా అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు. నేను పురికొస మళ్ళీ కట్టాను, ఈసారి రెండు ముళ్ళు వేసి.

నీలో ఇంకా పదకొండు కాగితాలే మిగిలాయి. అవి అయిపోతే ఇక అరువు లేదని బల్ల మీద అట్ట పెట్టాను, రెండు భాషల్లోనూ. చదివినవాళ్ళంతా “మంచి పని చేశావమ్మా” అని మెచ్చుకుని, రాసుకోమన్నారు. కొత్త పుస్తకం మొన్ననే కొని గల్లా కింద దాచాను. నీకు చెప్పకూడదనుకున్నాను.

ఇట్లు,
నీ బాకీదారులకు బాకీపడ్డ
కొట్టు కోడలు

తా.క.: ఈ రోజు మాస్టారి పేజీలో చింతపండు, ఎండుమిర్చి కింద ఇంకో వరస కలిపాను: “పార్సిలు కాపలా, రెండున్నర గంటలు, 20 రూపాయలు.” రాసినదంతా పైకి చదివి వినిపించడం మామగారు పెట్టిన ఆచారం కాబట్టి అదీ చదివాను. ఆయన ఏమీ అనకుండా వెళ్ళారు. రాత్రి ఎనిమిదింటికి మాట్లాడే పెట్టె ఊరంతా వినేలా చాటింది, ఇరవై రూపాయలు అందాయని. చింతపండు పద్దు అలాగే ఉంది.