తీసుకెళ్లేవారు లేరన్నది జవాబు కాదు

ఏటా అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినం పేరిట ర్యాలీలు తీస్తారు, ప్రతిజ్ఞలు చేయిస్తారు. జబ్బు ఎప్పుడో అదుపులోకి వచ్చి, మందులు వాడుకుంటూ బయట బతకగల స్త్రీపురుషులు ఆ రోజు కూడా మానసిక వైద్యశాలల వార్డుల్లోనే ఉంటారు. వారినింకా ఎందుకు ఉంచారని అడిగితే ఏళ్ల తరబడి వినిపిస్తున్న జవాబు ఒక్కటే: తీసుకెళ్లేవారు లేరు.

ఈ జవాబు చట్టం ముందు చెల్లదు. కుటుంబం లేదనో, ఉన్నా ఆదరించడం లేదనో, ఇల్లు లేదనో, బయట తగిన వసతులు లేవనో మాత్రమే ఎవరినీ మానసిక వైద్య సంస్థలో కొనసాగించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ విస్పష్టంగా చెబుతోంది. ఏ సాకులు చెప్పే అవకాశం ఉందో ముందే ఊహించి, వాటన్నిటినీ పేరుపేరునా తోసిపుచ్చిన సెక్షన్ అది. హాఫ్‌వే హోమ్‌లు (ఆస్పత్రి నుంచి బయటి జీవితానికి అలవాటు పడేదాకా ఉండే ఇళ్లు), గ్రూప్ హోమ్‌ల (కొందరు కలిసి ఉండే ఇళ్ల) వంటి వసతులు కల్పించే బాధ్యతను కూడా ప్రభుత్వాల మీదే పెట్టింది. అలాంటి వసతులు కల్పించని ప్రభుత్వమే, వసతులు లేవు గనుక పంపలేకపోతున్నామని చెప్పడం తన తప్పును తానే సాక్ష్యంగా చూపించుకోవడం.

కోలుకున్నవారి పునరావాసంపై 2017 జులైలోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. నాలుగేళ్ల తరువాత తేలిందేమిటంటే, మహారాష్ట్రలో కోలుకున్నవారిని యాచకుల గృహాలకు, వృద్ధాశ్రమాలకు తరలిస్తున్నారు. దాన్ని ఆపాలని 2021 జులైలో కోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల సంఘం దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల స్థితి అమానుషమని, కోలుకున్నవారిని చట్టవిరుద్ధంగా అక్కడే ఉంచుతున్నారని తప్పుబట్టింది. మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ అలవాటు. ఒక అక్రమాన్ని పదేపదే ఎత్తిచూపినా ఎవరికీ ఏమీ కాకపోతే, అదే పద్ధతిగా స్థిరపడుతుంది. తీసుకెళ్లేవారు లేరన్న మాట ఇప్పటికే అలా స్థిరపడిపోయింది.

ఆసరా లేకుండా పంపేస్తే రోగులు వీధిన పడతారని, మందులు మానేసి మళ్లీ జబ్బు పడతారని వైద్యులు అంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. అయితే అది ఆసరా కల్పించడానికి కారణం కావాలి గానీ, మనిషిని జీవితాంతం వార్డులో ఉంచడానికి కాదు. మామూలు వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురిని కలిపి ఉంచి, వారికి తోడుగా సహాయకులను పెట్టే పద్ధతిని చెన్నైలోని ‘ది బన్యన్’ సంస్థ ఆచరణలో చూపించింది. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగింది రాష్ట్ర ప్రభుత్వానికి అసాధ్యమంటే నమ్మలేం.

వార్డులో గడిచిపోయే బతుకు ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. ఏ పూట ఏం తినాలో, ఎప్పుడు నిద్రపోవాలో, ఎవరితో మాట్లాడాలో మరొకరు నిర్ణయిస్తారు. సొంత సంపాదన ఉండదు, చేతిలో పది రూపాయలు ఉండవు, తలుపుకు లోపలి గడియ ఉండదు. తీవ్ర మానసిక వ్యాధులున్నవారు తక్కినవారికంటే 10 నుంచి 20 ఏళ్లు ముందుగా చనిపోతున్నారని, అందులో చాలా మరణాలకు నివారించదగిన శారీరక జబ్బులే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర ఆహారానికీ భద్రత లేదు: 2025 జూన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో కలుషితాహారమని అనుమానించిన ఘటనలో పదుల మంది అస్వస్థులయ్యారు, ఒకరు ప్రాణాలు కోల్పోయారు. తమకు నచ్చని చోటి నుంచి లేచి వెళ్లిపోగల స్వేచ్ఛ వారికి లేదు గనుకే ప్రభుత్వం బాధ్యత రెట్టింపు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. కనీసం ఆస్పత్రి గోడల లోపల ఉన్నవారి లెక్కయినా ఈ ప్రభుత్వాల చేతిలో ఉంది కదా! ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలల్లో కోలుకున్నా ఇంకా ఉండిపోయినవారెందరో, ఎవరు ఎన్నేళ్లుగా ఉన్నారో, వారి కోసం ఎన్ని ఇళ్లు సిద్ధం చేశారో, పేర్లు బయటపెట్టకుండా అంకెలు మాత్రం ప్రకటించాలి. ఒక్కొక్కరినీ ఏ తేదీలోగా బయటకు తీసుకొస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ అంకెలు చెప్పలేని మంత్రులు, అధికారులు వచ్చే అక్టోబరు 10న ఏ ర్యాలీకీ జెండా ఊపవద్దు.