కొబ్బరి నల్లికి మందా, ఎరువా?

కోనసీమలో ఒక కొబ్బరి తోట. దింపు అయిపోయింది. కాయల రాశి ముందు కూర్చుని అక్క, తమ్ముడు వాదించుకుంటున్నారు. గొడవంతా ఇరియోఫిడ్ నల్లి గురించి, అంటే కొబ్బరి పిందెల రసం పీల్చే కంటికి ఆనని పురుగు గురించి. తమ్ముడు మందు కొట్టిద్దామంటాడు, అక్క వేపపిండి లాంటి ఎరువులే నయమంటుంది.

తమ్ముడు: ఈ కాయ చూడక్కా. ముచ్చిక కింద పగుళ్లు, బంక. పిడికిలంత కూడా లేదు. ఇలాంటివన్నీ వ్యాపారి పక్కకు తోసేశాడు. పీచు గట్టిపడిందని వలిచేవాళ్లు ఎక్కువ కూలి అడుగుతున్నారు. ఇక మందు కొట్టిద్దాం.

అక్క: ఎక్కడ కొట్టిస్తావు? అది పావు మిల్లీమీటరు ఉంటుందేమో. పిందె ముచ్చిక రేకుల కింద దూరి అక్కడే రసం పీలుస్తుంది. నువ్వు కొట్టిన మందు రేకుల మీద నుంచి జారిపోతుంది.

తమ్ముడు: ఆలివ్ చెట్లకూ ఇదే కుటుంబం నల్లి పడుతుంది. కాలిఫోర్నియాలో పూతకు ముందు గంధకం చల్లుతారు. అక్కడ పనిచేసేది ఇక్కడెందుకు పనిచేయదు?

అక్క: అది ఆకుల మీద, మొగ్గల మీద బయటే తిరుగుతుంది. ఆ చెట్లను కత్తిరించి అందేలా ఉంచుతారు. మనవి యాభై అడుగుల చెట్లు. దింపుకే మనుషులు దొరకడం లేదు. కొబ్బరి ఏడాది పొడుగునా గెలలు వేస్తూనే ఉంటుంది, పది రోజులకల్లా కొత్త తరం నల్లి తయారవుతుంది. ఎన్నిసార్లు ఎక్కిస్తావు?

తమ్ముడు: ఇదివరకు డైకోఫాల్ అనే నల్లిమందు కొట్టేవాళ్లుగా?

అక్క: దాన్ని 2023లో కేంద్రం నిషేధించింది. మంచి పనే చేసింది. ఈ నల్లిని తినే నల్లి కూడా ముచ్చిక కిందే ఉంటుంది, నియోసియులస్ బరాకి అని. ఘాటు మందులతో దాన్నీ పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

తమ్ముడు: తినే నల్లి ఉంటే కాయలు ఇలా ఎందుకున్నాయి? కాయలు పాడుచేసే ఈ నల్లి 1998లో కేరళలో, ఎర్నాకుళం జిల్లాలో బయటపడింది. ఇన్నేళ్లయినా పోలేదు. నీ వేపపిండి ఫలితం వచ్చే దింపుకు కూడా కనబడదు. అప్పువాడు ఆగుతాడా?

అక్క: ఆగడు. ఫలితం వెంటనే రాదన్నదీ నిజమే. ఇవాళ విచ్చిన పూత కాయగా దిగడానికి ఏడాది పడుతుంది. కానీ కాలవ వైపు వరస చూడు. చెట్టుకు 5 కిలోల వేపపిండి, పొటాష్ వేశాను. మధ్యలో జనుము చల్లి దున్నించాను. నల్లి అక్కడా ఉంది. అయినా మచ్చ పైపైనే ఆగింది, కాయ సైజు తగ్గలేదు.

తమ్ముడు: అది కాలవ నీళ్ల వల్లేమో.

అక్క: నీళ్ల వల్ల కూడా. ఎండల్లోనే ఇది రెచ్చిపోతుంది. అందుకే వేసవిలో తడి ఆపొద్దని నీకు మొత్తుకుంటున్నాను.

తమ్ముడు: సరే, మరీ పాడైన చెట్ల సంగతి?

అక్క: వాటికి వేరు ద్వారా వేపమందు ఎక్కిద్దాం. 1 శాతం అజాడిరక్టిన్ (వేపలోని మందు గుణమున్న పదార్థం) ఉన్న మందు 10 మిల్లీలీటర్లకు అంతే నీళ్లు కలపాలి. పెన్సిలంత లేత వేరును ఏటవాలుగా కోసి, మందున్న కవరులో ముంచి కట్టాలి. కాయ దింపేశాం కాబట్టి ఇదే అదను. ఆ తర్వాత 45 రోజులు ఆ చెట్ల కాయ ముట్టుకోకూడదు.

తమ్ముడు: 45 రోజులా? బొండాలకు అడ్వాన్సు తీసుకున్నానక్కా!

అక్క: ఏ చెట్లకు?

తమ్ముడు: కాలవ వైపు వరసకు. వాళ్లే చూసి ఎంచుకున్నారు.

అక్క: అయితే ఆ వరస జోలికి పోవద్దు. రేపు పొద్దున్న అటు చివర నుంచి మొదలుపెడదాం. కవర్లు, పురికొస నువ్వు తీసుకురా.