మహారాజశ్రీ విజిలు గారికి కోనసీమ నుంచి ఓ విన్నపం

అయ్యా,

ఉభయకుశలోపరి. అంటే మా వైపు ఇంకా ఎవరి కన్నూ పోలేదండి, ఆయ్.

విలువిద్య మైదానంలో మీ మాటే వేదమని రూలు పుస్తకం. రెండు ఈలలకి విలుకాళ్లు గీత మీదకి రావాలి, ఒకటికి బాణాలు వదలాలి, మూడింటికి విల్లు పక్కన పెట్టి బాణాలు తెచ్చుకోవాలి. అయిదు, ఆ పైన మోగితే ప్రమాదం. ఎక్కుపెట్టినవాడు ఎక్కుపెట్టినట్టే దించెయ్యాలి. ఈ లెక్క రాసిన మహానుభావుడు మా ఊరి బస్సు ఎక్కినట్టు లేదు. కండక్టరు ఒకటి కొడితే ఆగడం, రెండు కొడితే పోవడం. ఊహ తెలిసినప్పట్నుంచీ మా చెవులకి అదే అలవాటు. మీరేమో ఒకటికి కానిమ్మంటారు.

అసలు చిక్కు అది కాదు లెండి. మా డెల్టాలో ఈల పడిందంటే ఇంకా దంచమని. సినిమా హాల్లో హీరో దిగితే ఈల. అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా అనే సాము ప్రదర్శన చూశారా? కళ్లకు గంతలు కట్టుకున్నవాడు, పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కాయని కత్తితో నరుకుతాడు. అక్కడెవరైనా కంగారుపడి అయిదు ఈలలు వేస్తే కత్తి ఆగదు సరికదా, డప్పు జోరందుకుంటుంది.

మొన్న కొబ్బరితోట చివర ఏం జరిగిందో మీకే తెలుసు. టార్గెట్ల వెనక కాలవగట్టు మీద ఒకాయన గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. మీరు గుక్క తిప్పుకోకుండా అయిదుసార్లు మోగారు. పిల్లలు బుద్ధిగా విల్లు దించారు. ఆయనా ఆగాడు, సరిగ్గా నడిమి టార్గెట్‌కి సూటిగా. మోపు కిందనుంచి ఒంటికన్నుతో చూసి "ఎవడ్రా నన్ను చూసి ఈలేసింది?" అన్నాడు. మీరు మళ్లీ మోగారు. ఆయన మోపు దించి, పంచె ఎగ్గట్టాడు.

ఇక బాణాలు పీకే ఘట్టం. పీకేవాడి వెనక ఎవరూ నిలబడకూడదు, బాణం తోక మొహంలో గుచ్చుకుంటుంది. ముఖ్య అతిథి గారికి ఫొటో బాగా పడేది అక్కడే! ఆయన మీద ఈలెయ్యడానికి ఎవరికి గుండె ఉంది? ఆయన శాలువాకైతే ఆట అరపూట ఆగింది, మీరు నోరెత్తకుండానే.

మీ వంశంలో మాట చెల్లేది పోలీసు ఈల ఒక్కదానికే. పందెం బరి దగ్గర అది వినబడితే చెప్పులే మిగులుతాయి. సంక్రాంతి మూడు రోజులూ దానికీ గొంతు పెగలదనుకోండి.

కాబట్టి మీరు ఊపిరి దాచుకోండి. ప్రమాదం అనిపించగానే మైకులో "భోజనాలు వడ్డిస్తున్నారు, లెగండి" అనిపించండి. గట్టు మీదాయనతో సహా మైదానం ఖాళీ. షామియానా మాత్రం టార్గెట్ల వైపు వెయ్యొద్దని చెప్పండి.

ఇట్లు,
గీతకి ఇవతలే నిలబడ్డ మీ విధేయుడు