ఆ ఇనప స్టాండ్ల సంగతేంటి?

బర్డ్ వాక్‌లు, అంటే జనాన్ని తీసుకెళ్లి పక్షుల్ని చూపించే నడకలు, నడిపేవాళ్లకి ఒక మాట. పక్షుల పేర్లు చెప్పడానికి ఇప్పుడు ఫోన్లో యాప్‌లున్నాయి. మీరు చెప్పాల్సింది నీళ్ల గురించి.

మొన్నామధ్య ఓ గుంపుతో కైకలూరు పక్కన, కొల్లేరు సరస్సు దగ్గరున్న ఆటపాక వెళ్లాను. నడిపించినాయనకి పక్షులు బాగా తెలుసు, కాదనను. ఎగిరే నీటికాకిని చూసి రకం చెప్పేశాడు. ఎదురుగా నీళ్లలో ఇనప స్టాండ్లు, వాటి మీద గూడబాతుల (పెలికన్ల) గూళ్లు. ఓ పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపలు లాక్కుంటోంది. బయటికి కనబడేవి దాని ఒళ్లు, టపటపా కొట్టుకునే రెక్కలూ. రెట్ట కంపుకి ముక్కులు మూసుకున్నాం గానీ ఎవరూ కదల్లేదు.

మాలో ఒకావిడ అడిగింది: "చెట్లుండగా ఇనప స్టాండ్లెందుకండీ?"

"ఫారెస్టు వాళ్లు పెట్టారమ్మా" అని ఆయన తర్వాతి పక్షికి వెళ్లిపోయాడు.

అసలు కథ అక్కడే ఉంది కదండీ! గూళ్లకి చెట్లు చాలకే కదా ఆ స్టాండ్లు పెట్టింది. 1946లో పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో ఇవే పక్షులు గూళ్లు పెట్టడం చూసి లోకానికి చెప్పారు. ఇప్పుడు ఆరేడులో అవి లేవు. కొల్లేరుని 1999లో +5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలోకి, ఎక్కింది. అయినా చేపల చెరువులు ఆగలేదు. 2006లో గట్లు తెగ్గొట్టారు, చెరువుల మీద బతికేవాళ్లు గగ్గోలు పెట్టారు, తర్వాత చాలాచోట్ల మళ్లీ గట్లు లేచాయి. ఇందులో ఒక్క ముక్కా ఆ ఉదయం వినబడలేదు.

"పక్షుల దగ్గర రాజకీయాలెందుకు" అంటారు కొందరు. మేం వచ్చిన దారి పొడుగునా చేపల చెరువులేనండీ! తాళ్లకి వేలాడదీసిన తవుడు సంచులు కారు అద్దంలోంచి అందరం చూశాం. చూడనట్టు నటించడం రాజకీయం కాదా? పైగా చెరువుల వాళ్లందరూ దొంగలూ కారు, పక్షుల వాళ్లందరూ పుణ్యాత్ములూ కారు. అరెకరం ఉన్నవాడి గోడూ వేరు, వందల ఎకరాల లీజుదారుడి లెక్కా వేరు. అదీ చెప్పండి.

ఈసారి నా దగ్గర అదే ఫీజు తీసుకోండి, కానీ మొదటి అరగంట ఆ చేపల చెరువుల గట్టు మీద నడిపించండి. ఆ తర్వాత పడవ నడిపే మనిషికి మైకు ఇవ్వండి, గైడుకిచ్చినంతే ఆయనకీ ఇవ్వండి.