రోగం పోయాక సైటేషన్ ఎక్కడిది?

ఏటా స్టాన్‌ఫర్డ్ జాబితా రాగానే జిల్లా ఎడిషన్లలో ఫొటోలు మొదలవుతాయి. ప్రపంచంలోని మేటి 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవారు! పశువైద్యం, పాడి, పశుసంవర్ధక విభాగాలకూ అందులో చోటుంది, సంతోషం. వార్త చివరిదాకా చదివినా ఆ శాస్త్రవేత్త ఏం సాధించారో మాత్రం దొరకదు. పేపర్లెన్ని, సైటేషన్లెన్ని (అంటే ఆ పేపర్లను ఇతర పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారు), హెచ్-ఇండెక్స్ ఎంత అన్నంతవరకే.

2005లో హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. కనీసం 20 సార్లు ఉదహరణకు నోచుకున్న పేపర్లు 20 ఉంటే ఆ సూచిక 20. ఒకసారి ఎక్కితే ఇక దిగదు, మనిషి పరిశోధన మానేసి పదేళ్లయినా సరే. దాన్ని తెచ్చి గొడ్ల పాక ముందు నిలబెట్టాం. గేదె చూడి పది నెలలు. పుట్టిన పెయ్య పెరిగి, ఎదకొచ్చి, ఈని, దాని పాలు కొలిచేసరికి అయిదారేళ్లు. ఎలుకల మీద ప్రయోగం చేసేవాడు ఈలోగా డజను పేపర్లు అచ్చు వేసుకుంటాడు. ఇద్దరికీ ఒకటే తక్కెడ.

అసలు తిరకాసు అది కూడా కాదు. పశువైద్యంలో గొప్ప విజయం తన సైటేషన్లను తానే మింగేస్తుంది. పశువుల ప్లేగు రిండర్‌పెస్ట్ సంగతే చూడండి. 1920లలో నేటి ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ వైరస్‌ను మేకల్లో పెంచి, బలహీనపరిచి టీకా చేశారు. తర్వాత కెన్యాలోని ముగుగాలో వాల్టర్ ప్లోరైట్ కణవర్ధనం పద్ధతిలో, అంటే ప్రయోగశాలలో పెంచిన కణాల్లో వైరస్‌ను పెంచి, అంతకంటే సురక్షితమైన టీకా తెచ్చారు. 2006లో భారత్‌కు, 2011లో ప్రపంచానికి ఆ రోగం పీడ విరగడైంది. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో వ్యాధి ఇదే. ప్లోరైట్‌కు 1999లోనే ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆయన హెచ్-ఇండెక్స్ ఎంతో వెతకాలని నాకెప్పుడూ అనిపించలేదు.

రోగమే లేకపోతే దాని మీద కొత్తగా రాసేదెవరు? ఉదహరించేదెవరు? ఏళ్ల తరబడి లొంగని జబ్బు మీద, ఇతరుల పేపర్లన్నీ పోగేసి ఒక సమీక్షా వ్యాసం రాసి చూడండి. పశువులు చచ్చినన్నాళ్లూ సైటేషన్లు పండుతూనే ఉంటాయి. సమస్య తీర్చినవాడి లెక్క ఆగిపోవడం, సమస్య చుట్టూ తిరిగినవాడి లెక్క పెరగడం ఈ కొలమానం పుట్టుకలోనే ఉన్న గుణం.

అంకెలు లేకపోతే సిఫారసులు రాజ్యమేలుతాయి, కులం, ప్రాంతం, పరిచయం చూసి పదోన్నతులిస్తారని కొందరి వాదన. భయం నిజమే. కానీ విద్యార్థి రాసిన ప్రతి పేపరులో గైడు పేరు, విభాగాధిపతి పేరు చేరే చోట అంకె మాత్రం మడి కట్టుకుని ఉందా? తమ పేపర్లను తామే ఉదహరించుకునేవారు ఎక్కువయ్యే కదా, స్టాన్‌ఫర్డ్ జాబితాలోనే స్వీయ సైటేషన్లు తీసేసిన లెక్కను విడిగా ఇస్తున్నారు!

మన దగ్గర దీనికి నాస్ రేటింగు తోడైంది. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ జర్నళ్లకు ఇచ్చే ఈ మార్కుల్లో 6 దాటాలంటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఆ జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క, ఉండాలి. అంటే విదేశీ సంపాదకుడికి ఆసక్తి కలిగించే అంశం ఎంచుకోవాలి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, దాదాపు 1.9 కోట్లు. రెండోది ఆంధ్రప్రదేశ్. వర్షాకాలం మందల మీద పడే నీలి నాలుక వ్యాధిలో ఈ ఏడు ఏ రకం వైరస్ తిరుగుతోందో తేల్చే పని, టీకాలో ఏ రకాలు ఉండాలో చెప్పే పని ఇక్కడివారే చేయాలి. దానికి ఎన్ని సైటేషన్లు వస్తాయి? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక తెలుగు సంగతి ఎత్తకుండా ఉండలేను. గొర్రెలకొచ్చే చిటుక రోగం టీకా ఏ నెలలో వేయాలో కాపరికి అర్థమయ్యేలా రాసిన నాలుగు పేజీలు ఏ సూచికలోకీ ఎక్కవు. ప్రజల పన్నుతో నడిచే పరిశోధన ప్రజల భాషలో చెబితే విలువ నామమాత్రం, చదివేవారెవరో తెలియని ఇంగ్లీషు జర్నల్లో పడితే పదోన్నతి. తెలివైన యువ పరిశోధకుడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా?

ఎంపిక సంఘాలు అభ్యర్థి నుంచి పేపర్ల జాబితా తీసుకోవడం మాని, ఆయనే ఎంచుకున్న మూడు పేపర్లు తెప్పించుకుని చదవాలి. వాటి వల్ల ఏ టీకా మారింది, ఏ మేత మారింది, ఏ మందలో చావులు తగ్గాయి అని తెలుగులోనే అడగాలి. ఆ బల్ల దగ్గర గొర్రెల పెంపకందారుల సహకార సంఘం నుంచి ఒకరిని కూర్చోబెడితే ఇంకా మంచిది.