డబ్బు కంటే ముందు తేదీ అడగండి

ఈమధ్య ఒక మంగళవారం రాత్రి ఫోన్ వచ్చింది. ఖమ్మం కుర్రాడు. మన న్యూజెర్సీ సంక్రాంతి సంబరాల్లో స్టేజీ వెనక మైకులు, వైర్లు చూసుకునేవాడు.

"అన్నా, లేఆఫ్ అయింది. పొద్దున పది నిమిషాల కాల్, అంతే."

"కాగితాలు ఇచ్చారా?"

"మెయిల్లో వచ్చాయన్నా. సంతకం పెట్టి పంపేశాను. ఎనిమిది వారాల జీతం ఇస్తామన్నారు. లేట్ చేస్తే అదీ ఇవ్వరేమోనని టెన్షన్ వచ్చింది."

కోప్పడదామని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. 2009లో నేను చేసిందీ అదే. హెచ్‌ఆర్ ఆవిడ కాగితం, పెన్ను నా ముందు పెట్టింది. చదివినట్టు నటించి సంతకం చేసి, థాంక్యూ కూడా చెప్పి వచ్చాను. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే, రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ వేసిన వాటా పూర్తిగా నాదయ్యేందుకు ఇంకా 19 రోజులే ఉన్నాయి. ఆ 19 రోజులు పేరోల్ మీద ఉంచండి అని ఒక్క మాట అడిగితే ఏమయ్యేదో ఇప్పటికీ తెలియదు. అడగొచ్చన్న సంగతే అప్పట్లో తెలియదు.

నగల కొట్లో తరుగు ఒక శాతం తగ్గించమని అరగంట కూర్చునే మనం, సెవరెన్స్, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు, కాగితం చూడగానే ఎందుకంత బుద్ధిమంతులమైపోతాం? నా అనుమానం ఏమిటంటే, అది కంపెనీ మన మీద దయతలచి ఇస్తోందని నమ్ముతాం. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం సెవరెన్స్ ఇచ్చి తీరాలన్న నియమం లేని మాట నిజమే. మరి ఎందుకిస్తారు? ఆ కాగితం మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో ఉంటుంది సమాధానం: ఇకమీదట కంపెనీ మీద ఏ దావా వేయనని మనం రాసిస్తున్నాం. అంటే మన దగ్గర ఒక హక్కు కొంటున్నారు, ఎనిమిది వారాల జీతం దాని ధర. బేరం సంతకం అయ్యేదాకానే.

ఇక్కడ న్యూజెర్సీలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2023 ఏప్రిల్ 10 నుంచి ఈ రాష్ట్రంలో పెద్ద ఎత్తున లేఆఫ్ చేసే పెద్ద కంపెనీలు 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సర్వీసులో ఏడాదికి ఒక వారం చొప్పున జీతమూ కట్టాలి. నోటీసు తగ్గితే ఇంకో నాలుగు వారాలు. ఇది చట్టం ఇచ్చింది కాబట్టి దీన్నే సంతకానికి ధరగా చూపించడం కుదరదు. దావా హక్కు వదులుకోమంటే, ఆ పైన ఇంకేదో ఇవ్వాలి. మీ ప్యాకేజీలో చట్టప్రకారం రావలసింది ఎంత, సంతకం కోసం ఇస్తున్నది ఎంత అని హెచ్‌ఆర్‌ని విడివిడిగా రాసివ్వమనండి. ఆ ఒక్క ప్రశ్నతోనే మాట తీరు మారిపోవడం నేను చూశాను.

అసలు మనవాళ్లలో ఎక్కువమందికి, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి, డబ్బు కంటే తేదీ ముఖ్యం. 2017 జనవరికి ముందు ఉద్యోగం పోతే, వేరేది చూసుకోవడానికో దేశం వదలడానికో ఒక్క రోజు గడువు కూడా ఉండేది కాదు. ఇప్పుడు 60 రోజులుంది, ఐ-94, అంటే ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, అంతకుముందే ముగిస్తే అప్పటివరకే. ఆ లెక్క ఎక్కడ మొదలవుతుంది? మామూలుగా జీతం లెక్కగట్టిన ఆఖరి రోజు మర్నాటి నుంచి. సెవరెన్స్ మొత్తం ఆ తర్వాత ఖాతాలో పడినా గడియారం ఆగదు. అందుకే ఎనిమిది వారాలు ఒకేసారి చేతికిచ్చే బదులు, అందులో ఐదారు వారాలు పేరోల్ మీదే ఉంచి ఆఖరి తేదీని ఆలస్యం చేయమని అడగాలి. కంపెనీకి ఖర్చులో పెద్ద తేడా రాదు. పని లేకుండా పేరోల్ మీద ఉండటం మీ విషయంలో ఎలా చూస్తారో ఇమిగ్రేషన్ లాయర్ని ఒక గంట అడిగి మరీ చేయండి. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్లు ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన పిటిషన్, ఆమోదం తేదీ తీసి చూసుకోవాలి. 180 రోజులు దాటాక కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ఆ ఆమోదం రద్దు కాదు. ఆరేళ్లు దాటినవాళ్ల హెచ్-1బి పొడిగింపుకి అదే ఆధారం. 160వ రోజున ఉద్యోగం పోయినవాడికి ఆ 20 రోజులకి ఎంత ధర కడతారు? "దయచేసి దాన్ని వెనక్కి తీసుకోకండి" అని రాతపూర్వకంగా అడగండి, ఒప్పుకుంటే కంపెనీకి పైసా ఖర్చు లేదు. స్వదేశానికి తిరిగి వెళ్లేవాళ్లకైతే, హెచ్-1బి గడువుకి ముందే తీసేసినందుకు టికెట్ ఖర్చు కంపెనీదే.

2023లో నాకు రెండోసారి లేఆఫ్ అయ్యేసరికి నలభై దాటాను. వయసు మీద పడటం వల్ల ఈ దేశంలో నాకు కలిగిన లాభం ఇదొక్కటే. నలభై నిండినవాళ్లు వయసు వివక్ష హక్కుని వదులుకునే కాగితం మీద ఆలోచించుకోవడానికి 21 రోజులు, గుంపుగా తీసేస్తే 45 రోజులు ఇవ్వాలి. సంతకం చేశాక కూడా ఏడు రోజుల్లో వెనక్కి తగ్గవచ్చు. నేను పన్నెండు రోజులు తీసుకున్నాను. నాలుగు వారాలు అదనంగా, షేర్లు చేతికొచ్చే తేదీ దాటేదాకా పేరోల్, కోబ్రా ప్రీమియం రెండు నెలలు. ఈ మూడూ అడిగాను. కోబ్రా అంటే పాత ఇన్సూరెన్స్‌నే 18 నెలల వరకు మన డబ్బుతో నడుపుకోవడం. కంపెనీ కట్టిన వాటా కూడా మన నెత్తినే పడి, పైన 2 శాతం కలుస్తుంది. బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. నాలుగు వారాలు కుదరదన్నారు. మిగతా రెండూ ఇచ్చారు.

నేను రాసిన మెయిల్ ఆరు లైన్లు. కోపం లేదు, నా కష్టాల కథ లేదు. చేసిన ప్రాజెక్టు ఒకటి, అడిగేవి మూడు, గడువు లోపల జవాబు ఇమ్మని ఒక మాట. ఎదురు బేరం పెడితే కంపెనీ అసలు ఆఫరే వెనక్కి తీసుకోవడం ఎప్పుడూ జరగదని నేను చెప్పను. అందుకే "ఇది ఒప్పుకోను" అని రాయలేదు, "ఇలా వీలవుతుందా" అని రాశాను.

ఖమ్మం కుర్రాడికి ముప్పై నాలుగేళ్లు. ఆ ఏడు రోజుల సదుపాయం లేదు. అయినా ఇద్దరం కూర్చుని హెచ్‌ఆర్‌కి మెయిల్ రాశాం, ఆఖరి తేదీ నాలుగు వారాలు జరపమని. మూడో రోజు జవాబు వచ్చింది: అగ్రిమెంట్ అయిపోయింది కాబట్టి మార్చలేం.

ఇవాళ అతని 60 రోజుల లెక్కలో 23వ రోజు. గురువారం ఒక చోట ఇంటర్వ్యూ మూడో రౌండ్ ఉంది. ఎనిమిది వారాల డబ్బు మాత్రం, పన్ను పట్టుకుని, ఖాతాలో పడింది.